హైదరాబాద్ జూలో ఒక రోజు: ఇంటిల్లిపాదీ వెళ్లేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

సెలవులు దగ్గర పడ్డాయంటే ఊళ్లో చుట్టాల దగ్గర్నుంచి పక్క ఫ్లాటువాళ్ల దాకా అందరూ అడిగే ప్రశ్నలు ఇవే. జూకి ఎన్నింటికి బయల్దేరాలి? సఫారీ ముందా, టాయ్ ట్రైన్ ముందా? నానమ్మ అంత దూరం నడవగలదా? భోజనం కట్టుకెళ్లొచ్చా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ వరసగా ఇక్కడ రాస్తున్నాను. ఇది బహదూర్‌పురాలో, మీర్ ఆలం చెరువు పక్కనున్న నెహ్రూ జూలాజికల్ పార్కు గురించి. విశాఖ, తిరుపతి జూలకు వెళ్లేవాళ్ల కోసం కూడా కొంచెం రాశాను.

ముందే ఒక సంగతి ఒప్పుకుని బయల్దేరండి. ఈ జూ 380 ఎకరాలు. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో ఒక్క రోజులో మొత్తం చూడటం కుదరదు. చూడక్కర్లేదు కూడా. "టికెట్ కొన్నాం కదా, అన్నీ చూసేద్దాం" అని పరుగులు పెట్టినవాళ్లకి చివరికి గుర్తుండేది కాళ్ల నొప్పులే. ఏ జంతువు ఏ వేళకి మెలకువగా ఉంటుందో చూసుకుని దారి వేసుకుంటే పది పన్నెండు చోట్లు ఆగినా చాలు.

## 1. రోజు ఎంచుకోవడం

సోమవారం జూకి సెలవు. ఇది రాసి పెట్టుకోండి. "ఆదివారం రష్షు, సోమవారం లీవు పెట్టి వెళ్దాం" అనుకుని మూసిన గేటు ముందు ఫొటో దిగి వెనక్కి వెళ్లే కుటుంబాలు ఇప్పటికీ కనిపిస్తాయి.

అన్నిటికన్నా మంచివి మంగళ, బుధ, గురువారాలు. శుక్రవారం కూడా పర్వాలేదు గానీ, మధ్యాహ్నం నమాజు వేళకి పాతబస్తీ రోడ్లు కిక్కిరిసిపోతాయి. ఉదయమే లోపలికి వెళ్లిపోతే ఆ ఇబ్బంది ఉండదు.

ఈ రోజులు మానుకోండి:

- జనవరి 1, సంక్రాంతి, కనుమ
- రంజాన్, బక్రీద్ పండగలూ, వాటి తర్వాతి రెండు మూడు రోజులూ
- రెండో శనివారం, పక్కనే వచ్చే ఆదివారం
- లాల్ దర్వాజా బోనాలు, మొహర్రం ఊరేగింపు, గణేశ్ నిమజ్జనం జరిగే రోజులు. వీటిలో జూ సంగతి అటుంచి, అక్కడికి చేరడమే ఓ పెద్ద పని.

కాలం విషయానికొస్తే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. చలికి జంతువులు బయటికొచ్చి ఎండ కాచుకుంటాయి, మనకీ నడవాలనిపిస్తుంది. వేసవి సెలవుల్లో తప్ప కుదరదంటారా, దానికి 9వ భాగంలో విడిగా రాశాను.

## 2. మీతో వచ్చేది ఎవరు?

టికెట్లకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. మీ గుంపు నడక వేగం మీది కాదు, అందులో అందరికన్నా చిన్నవాళ్లదీ పెద్దవాళ్లదీ.

మూడేళ్ల లోపు పిల్లలు: మూడు గంటలు మించితే గారాలు మొదలవుతాయి. ఉదయం వెళ్లి మధ్యాహ్నం నిద్ర వేళకి వచ్చేయండి. పిల్లల బండి ఉంటే తీసుకెళ్లండి, లోపల బాటలు చాలావరకు చదునుగానే ఉంటాయి.

నాలుగు నుంచి పన్నెండేళ్లవాళ్లు: జూ ఉన్నదే వీళ్ల కోసం. అయిదారు గంటలు హాయిగా తిరుగుతారు, మధ్యలో ఓ గంట కూర్చోబెడితే.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు: "నేను నడుస్తాలే" అంటారు. నమ్మకండి. బ్యాటరీ బండి టికెట్ మొదటే తీసుకోండి. మధ్యాహ్నం అలిసిపోయాక తీసుకుందామనుకుంటే అప్పటికి క్యూ పెరిగిపోతుంది. నడవలేనివాళ్లుంటే వీల్‌చైర్ సంగతి గేటు దగ్గరే అడగండి.

టీనేజీ పిల్లలు: వాళ్లకి కెమెరా పనో, మ్యాపు పనో అప్పగించండి. పని లేకపోతే ఫోన్‌లో తల దూర్చేస్తారు.

మూడు తరాలూ కలిసి వెళ్తుంటే అందరూ అంతసేపూ కలిసే తిరగాలని పట్టుబట్టకండి. ఉదయం సఫారీ కలిసి, తర్వాత రెండు జట్లుగా, మళ్లీ భోజనానికి అందరూ ఒకచోట. ఈ పద్ధతిలో ఎవరికీ టెన్షన్ ఉండదు.

## 3. ముందు రోజు సాయంత్రం సర్దుకోవాల్సినవి

ముందుగా జూ అధికారిక వెబ్‌సైట్ చూడండి. గేటు తెరిచే వేళ కాలాన్ని బట్టి కొంచెం మారుతుంది. ఏదైనా విభాగం మరమ్మతులకి మూసి ఉంటే అదీ తెలుస్తుంది. 2025 మార్చి నుంచి ప్రవేశ టికెట్ పెద్దలకి 100 రూపాయలు, పిల్లలకి 50. రేట్లు మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు మళ్లీ చూసుకోండి. సఫారీ, టాయ్ ట్రైన్, బ్యాటరీ బండి, అక్వేరియం, పాముల ఇల్లు, నిశాచర జంతువుల ఇల్లు, వీటికి విడిగా టికెట్లుంటాయి. బడ్జెట్ వేసేటప్పుడు జనం మర్చిపోయేది దీన్నే. ఇంటి పెద్ద ప్రవేశ టికెట్లు లెక్కేసుకుని వస్తాడు, లోపల అయిదుసార్లు జేబులో చెయ్యి పెట్టాల్సి వచ్చేసరికి మొహం మాడ్చుకుంటాడు.

సంచిలో పెట్టుకోవాల్సినవి:

- మనిషికో స్టీలు నీళ్ల సీసా. జూలో ప్లాస్టిక్ మీద ఆంక్షలున్నాయి, సంచులు తనిఖీ చేస్తారు.
- టోపీలు, లేదా తల మీద కప్పుకోవడానికి తువ్వాలు
- రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, రోజూ వేసుకునే మందులు, బ్యాండెయిడ్
- పిల్లలకి ఒక జత బట్టలు
- పాత దుప్పటి, కింద పరుచుకోవడానికి
- పవర్ బ్యాంకు, కొంచెం చిల్లర
- దోమల క్రీము. పక్కనే చెరువు, సాయంత్రం నాలుగు దాటాక దోమలు కుడతాయి.
- బైనాక్యులర్ ఇంట్లో ఉంటే తప్పకుండా. లేకపోతే కొనక్కర్లేదు.

ఇంట్లో వదిలేయాల్సినవి: బంతి, బ్యాటు, బూర, విజిల్, బ్లూటూత్ స్పీకర్, చిప్స్ ప్యాకెట్లు, కొత్త చెప్పులు. చివరిది తమాషాకి అన్నది కాదు. జూకి వెళ్తున్నామని కొత్త చెప్పులు కొనిపెడతారు, పదకొండు గంటలకల్లా పిల్ల మడమ బొబ్బలెక్కుతుంది.

భోజనం సంగతి. పులిహోర, పెరుగన్నం, చపాతీలు: ఎండకి తట్టుకునేవి ఇవే. పెరుగన్నంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేసి కలిపితే మధ్యాహ్నానికి పులవదు. కొబ్బరి చట్నీ, గుడ్డు కూర లాంటివి వద్దు. అన్నీ మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాల్లో పెట్టండి. అరటిపండ్లు మాత్రం పైకి కనిపించేలా పట్టుకెళ్లకండి, కోతులున్నచోట సంచి మీ చేతిలో ఉండదు.

## 4. చేరుకోవడం

గచ్చిబౌలి, శంషాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లకి ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా ఫ్లైఓవర్ ఉంది. 2025 జనవరిలో తెరిచారు, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. ఒకప్పుడు ఆ రోడ్డు మీద శాస్త్రిపురం, హసన్‌నగర్ దాటడానికే ప్రాణం విసిగేది, ఇప్పుడు పైనుంచి వచ్చేయొచ్చు.

సికింద్రాబాద్ నుంచి 7జెడ్ బస్సు ఉంది. తెలంగాణ మహిళలకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, ఆధార్ కార్డు చేతిలో ఉంచుకోండి. మెట్రోలో వచ్చేవాళ్లు ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కాలి.

సొంత కారైతే గేటు తెరిచే వేళకి పావుగంట ముందే చేరుకోండి. పార్కింగ్‌లో చెట్టు నీడ దొరికేది అప్పుడే. ఎనిమిదిన్నరకి నీడ ఎక్కడుందో చూసి మోసపోకండి, మధ్యాహ్నం ఎటు పడుతుందో లెక్కేసి ఆపండి.

## 5. గేటు దగ్గర పది నిమిషాలు

లోపలికి అడుగుపెట్టగానే అందరూ ముందుకి పరుగెత్తుతారు. మీరు ఆగండి. ఈ పది నిమిషాల్లో నాలుగు పనులున్నాయి.

1. లోపలున్న మ్యాపు బోర్డుని ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టండి.
2. పిల్లలందరినీ నిలబెట్టి, తల నుంచి కాళ్ల దాకా కనిపించేలా ఒక ఫొటో తీయండి. పొరపాటున ఎవరైనా తప్పిపోతే ఆ రోజు ఏ రంగు చొక్కా వేశారో వాదించుకునే పని ఉండదు.
3. సఫారీ, బ్యాటరీ బండి టికెట్లు ఎక్కడిస్తారు, మొదటి ట్రిప్పు ఎన్నింటికి, అడగండి.
4. అందరూ ఒకసారి టాయిలెట్‌కి వెళ్లిరండి. "నాకు రావట్లేదు" అన్నవాళ్లు కూడా.

## 6. ఏది ముందు, ఏది తర్వాత

ఈ మార్గదర్శిలో మీరు తప్పకుండా చదవాల్సింది ఇదొక్కటే. మిగతావి మర్చిపోయినా పర్వాలేదు.

### మొదటి రెండు గంటలు: సఫారీ, పులులు, ఎలుగుబంట్లు

సింహం రోజులో ఇరవై గంటల దాకా పడుకునే జంతువు. పులీ అంతే, కాస్త తక్కువ. ఎండ ఎక్కాక ఏ చెట్టు కిందో కాళ్లు బారజాపి పడుకున్నాయంటే మీరెంత పిలిచినా చెవి కూడా కదలదు. ఉదయం రాత్రి గదుల్లోంచి బయటికి వదిలాక మాత్రం కాసేపు ఎన్‌క్లోజర్ అంతా తిరుగుతాయి. చెట్లు వాసన చూస్తాయి, నీళ్లు తాగుతాయి, ఒక్కోసారి గర్జిస్తాయి. అందుకని ఉదయం వేళ వీటికే.

సఫారీకి మొదటి ట్రిప్పుల్లోనే వెళ్లండి. పదిన్నర తర్వాత క్యూలో నిలబడే సమయం పెరుగుతుంది, కనిపించేది తగ్గుతుంది. చిన్నపిల్లల్ని కిటికీ వైపు కూర్చోబెట్టి పెద్దవాళ్లు లోపలి సీట్లో కూర్చోండి.

సఫారీలో కనిపించేది ఆసియా సింహం. పిల్లలకి గుర్తుపట్టడం నేర్పండి: పొట్ట కింద పొడుగ్గా వేలాడే చర్మపు మడత ఉంటుంది, జూలు పల్చగా ఉండి చెవులు బయటికి కనిపిస్తాయి. కార్టూన్లలో చూసే ఆఫ్రికా సింహానికి జూలు ఎక్కువ, చెవులు అందులో కలిసిపోతాయి.

తెల్లపులి దగ్గర ప్రతి ఇంట్లోనూ ఒకరు "ఇది మంచు దేశం నుంచి తెచ్చారు" అంటారు. కాదు. అదీ మన బెంగాల్ పులే. ఒక జన్యువు తేడా వల్ల ఒళ్లు తెల్లగా, కళ్లు నీలంగా వచ్చాయి. చారలు మామూలుగానే ఉన్నాయి చూడమనండి.

### పది నుంచి పదకొండున్నర: పక్షులు, జింకలు, ఏనుగులు, జిరాఫీలు

ఎండ ఇంకా ముదరదు. జింకలు మేస్తూ ఉంటాయి. చుక్కల దుప్పి, కృష్ణజింక, కణుజు, మనుబోతు: ఈ నాలుగింటినీ "అన్నీ జింకలే" అని దాటేయకుండా పిల్లలతో తేడాలు పట్టించండి. కృష్ణజింక మగదానికి మెలితిరిగిన కొమ్ములు, నలుపు తెలుపు ఒళ్లు. మనుబోతు దూరం నుంచి గుర్రమా ఆవా అన్నట్టుంటుంది.

జిరాఫీ దగ్గర నాలుక చూడమనండి. ఆకు అందుకున్నప్పుడు నల్లగా, మూరెడు బయటికొస్తుంది. ఎప్పుడు చాపుతుందా అని నిలబడి చూస్తారు, ఆ కాసేపూ మీరు గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకోవచ్చు.

### పదకొండున్నర నుంచి పన్నెండున్నర: మొసళ్లు, తాబేళ్లు

జనం నీడ వెతుక్కునే వేళ ఇది. మొసళ్లు సరిగ్గా ఇప్పుడే బాగా కనిపిస్తాయి, ముఖ్యంగా చలికాలం. వాటి ఒంటికి సొంత వేడి తక్కువ కాబట్టి గట్టు మీదికి వచ్చి ఎండలో పడుకుంటాయి. నోరు బార్లా తెరిచి కదలకుండా ఉంటే పిల్లలు "బొమ్మ" అంటారు. ఒంట్లో వేడి ఎక్కువైతే నోరు తెరిచి చల్లబరుచుకుంటుందని చెప్పండి. ఘరియాల్ అని మొసళ్లలోనే ఇంకో రకం, దాని మూతి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎదిగిన మగదానికి ముక్కు కొసన చిన్న కుండ బోర్లించినట్టు బొడిపె ఉంటుంది.

### పన్నెండున్నర నుంచి రెండు: భోజనం, విశ్రాంతి

చెట్టు నీడ చూసుకుని దుప్పటి పరవండి. ఎన్‌క్లోజర్లకి దూరంగా, చెత్తబుట్టకి కొంచెం ఎడంగా. చెత్తబుట్ట పక్కనే కాకులు, కోతులు కాపు కాస్తాయి. తినేసి వెంటనే లేవకండి, అరగంట నడుం వాల్చనివ్వండి. పెద్దవాళ్లు సాయంత్రం దాకా నిలబడాలంటే ఈ అరగంట కావాలి.

టాయ్ ట్రైన్ ఇప్పుడు ఎక్కండి. చాలామంది లోపలికి రాగానే పిల్లల పోరు పడలేక ముందు ట్రైన్ ఎక్కించేస్తారు. చల్లటి ఉదయం వేళ అందులో ఖర్చయిపోతుంది. ట్రైన్‌లోంచి జంతువులు పెద్దగా కనిపించవు, గాలి తగులుతూ కూర్చుని తిరగడమే అందులోని సుఖం. ఆ సుఖం మధ్యాహ్నానికి దాచుకోండి.

### రెండు నుంచి మూడున్నర: కప్పు ఉన్నవన్నీ

పాముల ఇల్లు, అక్వేరియం, నిశాచర జంతువుల ఇల్లు. ఎండ తగలదు కాబట్టి ఈ వేళకి సరిగ్గా సరిపోతాయి.

నిశాచర జంతువుల ఇంట్లో పగలు చీకటిగా ఉంచి రాత్రి దీపాలు వేస్తారు. అక్కడి జంతువులకి మన పగలే రాత్రి, అందుకే మనం వెళ్లే వేళకి తిరుగుతూ ఉంటాయి. బయటి ఎండలోంచి నేరుగా లోపలికి వెళ్తే మీకు ఏమీ కనిపించదు. తొంభై మందిలో ఎనభై మంది "ఖాళీ గదులురా" అని గబగబా నడిచి బయటపడతారు. మీరు గుమ్మం దాటాక ఓ మూలకి జరిగి అయిదు నిమిషాలు ఊరికే నిలబడండి. ఫోన్లు జేబులో పెట్టేయండి, ఒక్క స్క్రీన్ వెలిగినా కళ్లు మళ్లీ మొదటికొస్తాయి. మెల్లగా కొమ్మ మీద ఏదో కదులుతుంది. పిడికెడు ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లు, మొహంలో సగం కళ్లే. దేవాంగపిల్లి అది. ఒక చెయ్యి తీసి ముందు కొమ్మ పట్టుకుంటుంది, పట్టు కుదిరిందో లేదో చూసుకుంటున్నట్టు కాసేపు ఆగుతుంది, అప్పుడు రెండో చెయ్యి. అది ఓ జానెడు దూరం వెళ్లేలోగా పిల్లలు ఊపిరి బిగబట్టేస్తారు. పునుగుపిల్లి, గబ్బిలాలు, గుడ్లగూబలు ఆ తర్వాత వాటంతటవే కనిపిస్తాయి.

### మూడున్నర నుంచి మూసేవేళ దాకా: నీటిగుర్రం, ఖడ్గమృగం, మళ్లీ పులి

ఓపికున్నవాళ్లకే ఈ భాగం. లేకపోతే ఇంటికి వెళ్లిపోండి, తప్పేం లేదు.

నీటిగుర్రం పగలంతా మునిగే ఉంటుంది. ముందు రెండు చిన్న చెవులు నీటి పైకొచ్చి టపటపా దులుపుకుంటాయి. తర్వాత ముక్కు రంధ్రాలు తెరుచుకుని బుస్సుమని నీళ్లు చిమ్ముతాయి. మళ్లీ మాయం. ఒకసారి మునిగితే అయిదు నిమిషాల దాకా ఉండగలదు కాబట్టి "లేదు పదండి" అనకుండా ఫోన్‌లో టైమర్ పెట్టి పిల్లల్ని లెక్కపెట్టమనండి. ఎండ తగ్గాక బయటికి కూడా వస్తుంది.

పులులు, సింహాలకి సాధారణంగా సాయంత్రం రాత్రి గదుల్లోనే మాంసం పెడతారు. అందుకే ఈ వేళకి లేచి తలుపు వైపు అటూ ఇటూ తిరుగుతూ ఉంటాయి. ఉదయం నిద్రపోతూ దొరికిన పులిని ఇప్పుడు ఇంకోసారి చూసి రండి.

## 7. ఎన్‌క్లోజర్ ముందు మన తీరు

ఒక్కోచోట కనీసం ఏడెనిమిది నిమిషాలు నిలబడండి. జంతువు కనిపించకపోతే ముందు నీళ్ల తొట్టి, తర్వాత నీడ, తర్వాత తలుపు, ఈ వరసలో వెతకండి.

కేకలు, ఈలలు, రాళ్లు, గాజు మీద తట్టడం, ఏవీ వద్దు. తినడానికి ఏమీ వేయొద్దు, "పాపం ఆకలేస్తోంది" అనిపించినా సరే. వాటికి కొలిచి మేత పెడతారు, మీరు వేసిన బిస్కెట్‌కి జబ్బు చేసేది వాటికి. జూలో జంతువుల్ని ఏడిపించడం, మేత వేయడం, చెత్త వేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 38జె సెక్షన్ కింద నేరం, జైలు శిక్ష కూడా పడొచ్చు. పక్కవాళ్లు చేస్తుంటే మీరు గొడవ పడకండి. యూనిఫాంలో ఉన్న సిబ్బందికి చెప్పండి.

పిల్లాడికి కనిపించట్లేదని గోడ మీద కూర్చోబెట్టే తండ్రులు ప్రతి ఆదివారం ఉంటారు. ఈ ఒక్క విషయంలో మొహమాటం లేకుండా చెప్తున్నాను: ఎత్తుకోండి, గోడ మీద మాత్రం పెట్టకండి. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో సింహం ఎన్‌క్లోజర్‌లోకి దిగిన సందర్శకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. కందకం, కంచె లెక్కతోనే కట్టారు, సెల్ఫీ కోసం ఆ లెక్క తప్పించకండి.

ఫొటోలకి ఫ్లాష్ ఆపేయండి. గాజు ఉన్నచోట ఫోన్‌ని గాజుకి ఆనించి తీస్తే మన నీడ పడదు. జాలీ ఉన్నచోట, కంచె దాటకుండా కుదిరితే, లెన్స్‌ని జాలీ కన్ను మధ్యకి దగ్గరగా పెట్టి వెనకున్న జంతువు మీద ఫోకస్ చేయండి, తీగలు మసకబారిపోతాయి.

పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు, "ఆ పులి ఎందుకమ్మా అదే దారిలో అటూ ఇటూ తిరుగుతోంది?" మేత వేళైతే తలుపు కోసం అని చెప్పొచ్చు. వేళాపాళా లేకుండా తిరుగుతుంటే మాత్రం, మూసి ఉన్న చోట విసుగు పుట్టి కొన్ని జంతువులు అలా చేస్తాయని నిజమే చెప్పండి. ఏడేళ్ల పిల్లలకి ఆ మాట అర్థమవుతుంది.

## 8. పిల్లలు తప్పిపోకుండా

- ముంజేతి మీద బాల్‌పెన్‌తో ఫోన్ నంబరు రాయండి. చెమటకి చెరిగితే మధ్యాహ్నం మళ్లీ రాయండి.
- ఒక్కో పిల్లకి పెద్దవాళ్లలో ఒక్కొక్కరు బాధ్యత తీసుకోండి. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడట్లేదనే.
- "తప్పిపోతే కదలకుండా అక్కడే నిలబడు. యూనిఫాం వేసుకున్నవాళ్లకి గానీ, పిల్లలతో ఉన్న ఆంటీకి గానీ చెప్పు" అని ఉదయమే చెప్పి, ఒకసారి తిరిగి చెప్పించుకోండి.
- కనిపించకపోతే ఒకరు చివరిగా చూసినచోటే ఉండాలి, ఇంకొకరు సిబ్బంది దగ్గరికి ఫొటోతో వెళ్లాలి. అవసరమైతే 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఎక్కువగా తప్పిపోయేది ట్రైన్ దిగే చోట, ఐస్‌క్రీం బండి దగ్గర.

## 9. ఎండాకాలం, వానాకాలం

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పై వరసని సగానికి కోసేయండి: గేటు తెరవగానే లోపలికి, సఫారీ, పులులు, ఏనుగులు, కప్పున్న ఒక ఇల్లు, పన్నెండుకల్లా బయటికి. జంతువుల మీద నీళ్లు చల్లడం, గదుల్లో కూలర్లు పెట్టడం కూడా పిల్లలకి చూడదగ్గదే. మజ్జిగ ఎక్కువ పట్టుకెళ్లండి. పెద్దవాళ్లకి తల తిరిగినా, పిల్లలు ఉన్నట్టుండి మాట తగ్గించి మగతగా ఉన్నా వెంటనే నీడలో కూర్చోబెట్టి ఓఆర్ఎస్ పట్టండి, తడి తువ్వాలు మెడ మీద వేయండి. ఆ తర్వాత "ఇంకొక్కటి చూద్దాం" అనకండి.

వానాకాలం గొడుగులకన్నా రెయిన్‌కోట్లు నయం, చేతులు ఖాళీగా ఉంటాయి. జల్లు పడి వెలిశాక నెమళ్లు, జింకలు హుషారుగా ఉంటాయి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, అక్కడికక్కడే సర్దుబాటు

పదకొండుకి చేరుకున్నారు. సఫారీ ఆశ వదిలేయండి. మొసళ్లతో మొదలుపెట్టి, కప్పున్నవి చూసి, పులుల్ని సాయంత్రానికి పెట్టుకోండి.

బ్యాటరీ బండి క్యూ చాంతాడంత ఉంది. పెద్దవాళ్లని నీడలో కూర్చోబెట్టి, దగ్గర్లో ఉన్న మూడు ఎన్‌క్లోజర్లు ఎంచుకోండి. జూ మొత్తం చూపించలేకపోయామని బాధపడకండి, వాళ్లకి కావాల్సింది మనవళ్ల గోల.

"సింహం లేవట్లేదు" అని పిల్లాడు ఏడుస్తున్నాడు. ఊపిరి ఎన్నిసార్లు తీస్తుందో లెక్కపెట్టమనండి. ఏడుపు ఆగుతుంది. ఒక్కోసారి తోక కదులుతుంది, అది వాడికి చాలు.

కోతి సంచి లాగింది. వదిలేయండి. పెనుగులాడితే రక్కుతుంది. గీత పడితే సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, రేబిస్ టీకా సంగతి ఆయనే చెప్తాడు.

మధ్యాహ్నం మూడుకి అందరూ విసిగిపోయారు. చివరిగా ఒక్కటి ఎంచుకోనివ్వండి. ఎంచుకునే హక్కు ఇంట్లో చిన్నవాళ్లది.

## 11. విశాఖ, తిరుపతి వెళ్లేవాళ్లకి

విశాఖ ఇందిరా గాంధీ జూ కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాల్లో ఉంది. దానికీ సోమవారమే సెలవు. టికెట్ కొని సొంత కారు లోపలికి తీసుకెళ్లొచ్చు, పెద్దవాళ్లుంటే ఇది పెద్ద వరం. సముద్రపు ఉక్కకి నీళ్లు మాత్రం రెట్టింపు పట్టుకెళ్లండి.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర జూకి మంగళవారం సెలవు. కొండ దిగి నేరుగా జూకి వెళ్దామనుకునేవాళ్లు ఈ ఒక్కటి చూసుకోండి. రాత్రంతా క్యూలో ఉండి నిద్ర లేని పిల్లల్ని ఆ ఉదయమే జూకి తిప్పొద్దు, మర్నాడు పెట్టుకోండి.

## 12. తిరుగు ప్రయాణం

మూసేవేళకి అందరూ ఒక్కసారే బయటపడతారు. ఆఖరి గంట మీదైతే గేటు వైపున్న ఎన్‌క్లోజర్లు చివరికి దాచుకోండి, లేదా ముప్పావుగంట ముందే బయల్దేరండి. బయటికొచ్చే ముందు లోపలి టాయిలెట్ వాడుకోండి.

"పనిలో పనిగా చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం కూడా చూసేద్దాం" అనే బావగారు ప్రతి ఇంట్లో ఉంటారు. చార్మినార్ దగ్గరే, ఓపికుంటే సాయంత్రం దీపాల వేళ ఒకసారి ఆగి టీ తాగి రావొచ్చు. సాలార్‌జంగ్ మాత్రం వేరే రోజు పెట్టుకోండి, దానికి శుక్రవారం సెలవు.